దొరకి గొంతు ఇచ్చిన మనిషి

మొన్న పొద్దున్నే మా డబ్బింగ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఒంటి నిండా ఇనుప కవచం, చంకలో శిరస్త్రాణం, నీలికళ్ళు, ఎర్రగడ్డం. అచ్చమైన ఇంగ్లీషు దొర. కింద "పెద్దాయన ఇక లేరు, ఓం శాంతి" అని రాసి ఉంది. దాని కింద వరసగా దణ్ణాలు. కొత్తగా చేరిన ఒకమ్మాయి "అయ్యో, ఈ ఆర్టిస్ట్ ఎవరండీ, ఏ సినిమాలో చేశారు" అని కూడా అడిగింది.

నాకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దాటాక స్కూటీ పక్కకి తీసి, ఒక బట్టల షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పోయిన మనిషి ఫొటో మాలో ఎవరి దగ్గరా లేదు, అదీ సంగతి. మద్రాసు నుంచి పరిశ్రమతో పాటు ఇక్కడికి వచ్చి, జీవితమంతా మైకు ముందు నిలబడ్డ మనిషి ఆయన. మైకు ముందు నిలబడ్డవాళ్ళతో సెల్ఫీ ఎవరు దిగుతారు? గ్రూపు అడ్మిన్ వెతికి వెతికి, చివరికి ఆయన గొంతు ఇచ్చిన దొర ఫొటోయే పెట్టేశాడు. పెద్దాయన చూసి ఉంటే కోప్పడేవారు కాదు. "పర్వాలేదమ్మా, నాకంటే రంగున్నాడు" అనేవారు.

నేను డబ్బింగ్ మాటల రచయిత్రిని. ఎక్కడెక్కడి సీరీస్‌లూ ఫిల్మ్ నగర్ స్టూడియోకి వస్తాయి, వాటికి తెలుగు మాటలు రాస్తాను. తెర మీద మనిషి పెదాలు మూసుకున్నచోట మన మాటలోనూ పెదాలు మూసుకోవాలి, తెరుచుకున్నచోట తెరుచుకోవాలి. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళు చూస్తూ కూర్చునే ఉద్యోగం. మా ఆయన "నువ్వు నా మొహం కూడా అలాగే చూస్తున్నావు" అని విసుక్కుంటాడు.

ఆ సీరీస్ ఒక ఇంగ్లీషు ప్రభువు కథ. కత్తులూ కోటలూ ఉన్న పాతకాలం. ఇంటికి రెండో కొడుకు, ఆస్తి రాదు, కాబట్టి సైన్యంలో చేర్చారు. ఇంకో ప్రభువు ఇంట్లో గిన్నెలు అందిస్తూ, గుర్రాలు తోముతూ యుద్ధం నేర్చుకుంటాడు. మీసాలు రాని వయసులోనే రాజు పక్కన నిలబడి పోరాడతాడు. అన్న చచ్చిపోతే కోట ఈయనదవుతుంది. సముద్రం దాటి పోయి మరో దేశం మీద పడతాడు, ఊళ్ళు తగలబెడతాడు, కాలు విరగ్గొట్టుకుంటాడు. ఏ రాజు కోసం ఇదంతా చేశాడో ఆ రాజు కొడుక్కే ఎదురు తిరిగి, పట్టుబడి, జనం చూస్తుండగా తల పోగొట్టుకుంటాడు. నాలుగు సీజన్లు. వాళ్ళ బిరుదు మనకి నోరు తిరగదని నేను 'దొర' అని రాశాను. స్టూడియోలో పెద్దాయన పేరు కూడా దొరగారైపోయింది.

ఆయన వచ్చే తీరే వేరు. గదిలోకి వచ్చేముందు చెప్పులు బయట విడిచి, బుగ్గలో కరక్కాయ ముక్క ఒకటి పెట్టుకునేవారు. చేతిలో ఇంటినుంచి తెచ్చిన స్టీలు బకెట్ ఉండేది. దొర శిరస్త్రాణం ముసుగు దించుకుని మాట్లాడేటప్పుడు ఆ బకెట్ నోటి దగ్గర పెట్టుకుని, మైకు అందులోకి వంచి చెప్పేవారు. కంప్యూటర్లో ఎన్ని మీటలు నొక్కినా ఆ ఇనుప మోత రాదని మా ఇంజనీరు యాదగిరి కూడా ఒప్పుకున్నాడు. దొర మోకరిల్లితే ఈయనా మోకాళ్ళ మీద కూర్చునేవారు. దొర కాలు విరిగాక మూడో సీజన్ అంతా ఒంటికాలి మీద నిలబడే చెప్పారు. "ఎందుకండీ ఈ శిక్ష, ఎవరూ చూడరు కదా" అంటే, "నొప్పి గొంతులోకి రావాలంటే ఎక్కడో ఒకచోట పుట్టాలి కదమ్మా" అనేవారు. హెడ్‌ఫోన్లు మాత్రం పెట్టుకునేవారు కాదు. "దొరకి చెవుల మీద ఈ దొప్పలేంటి" అని మెడలో వేలాడేసుకునేవారు. పాతకాలం మనిషి, పంతం అనుకున్నాం.

పంతమంటే గుర్తొచ్చింది. యాదగిరికి మొదట్లో ఈ సీరీస్ అంటే పడేది కాదు. ఒకరోజు రికార్డింగ్ మధ్యలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మేడం, ఈ దొర అనుడు తప్పదా?"

"ఏమైంది యాదగిరీ?"

"మా ఊర్ల దొర అంటే గిట్ల గుర్రమెక్కి యుద్ధానికి పోయేటోడు కాదు. మా తాత ఆయన గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకుని నడిచిండు. గీ మాట ఇన్నప్పుడల్లా నాకు గా చెప్పులే యాదికొస్తయి."

 మా కోస్తా ఇంట్లో ఆ మాట కథల్లోదే. ఇంతలో అద్దానికి అవతల నిలబడ్డ పెద్దాయన తలుపు తీసుకుని బయటికి వచ్చారు.

"యాదగిరీ, ఈయన కూడా ఆ బాపతే. ఊళ్ళు తగలబెట్టాడు చూశావుగా. నేనేం ఆయన్ని మంచివాణ్ని చెయ్యట్లేదు. ఎంత చెడ్డవాడికైనా ఒక గొంతుండాలి కదా, అది ఇస్తున్నానంతే."

"అయితే ఊళ్ళు కాలవెట్టినప్పుడు జర కఠినంగనే చెప్పుండ్రి సార్."

"అలాగే నాయనా."

నిజంగానే ఆ ఎపిసోడ్‌లో ఆయన గొంతు వింటే నాకే భయమేసింది. మూసిన తలుపు వెనకనుంచి మా మాటలు ఆయనకెలా తెలిశాయన్నది మాత్రం అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

నాలుగో సీజన్ చివరి యుద్ధం దగ్గర తట్టింది. ఇదివరకు ముసుగులోంచి ఒకటీ అరా మాటలే ఉండేవి, ఇందులో దొర యుద్ధమంతా ముసుగు దించుకునే పోరాడతాడు. మొహం కనపడదు, మాటలే వినపడాలి. బకెట్ నోటి దగ్గర పెట్టుకుని ఆయన సిద్ధంగా నిలబడ్డారు. తెర మీద దొర అరిచాడు, ఈయన ఊరుకున్నారు. శత్రువు మాట్లాడుతుంటే మధ్యలో ఈయన మొదలుపెట్టారు. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. ఎన్నడూ రెండో టేకు అడగని మనిషి చెమటలు కక్కుతున్నారు.

నేను కొంచెం మొండిదాన్ని. ఏదైనా తేడాగా కనిపిస్తే ఊరుకోలేను. స్క్రిప్టు కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, లోపలివాళ్ళతో మాట్లాడే టాక్‌బ్యాక్ మైకు నొక్కి, "గురువుగారూ, మీ ఇంట్లో దొంగలు పడ్డారట" అన్నాను.

ఆయన మావైపు చూసి నవ్వి, "అలాగేనమ్మా" అన్నారు.

 యాదగిరివైపు తిరిగితే వాడు నా కళ్ళలోకి చూడకుండా మీటల మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"నీకు తెలుసా?"

"నిరుడే ఎరుక మేడం. ముందో ఎన్కో మొదలువెడితే నేనే జరుపుతున్న. పెదాలు సూసి చెప్తడు, అందుకే గంత మంచిగ కుదురుతది. గొంతు మంచిగున్నది. చెవుల ముచ్చట నాకెందుకు?"

లోపలికి వెళ్ళాను. ఆయన నా మొహం చూడగానే బకెట్ కింద పెట్టేశారు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

"ఇప్పుడే. మిషన్ పెట్టుకోవచ్చు కదండీ?"

జేబులోంచి చిన్న డబ్బా తీసి చూపించారు. చెవి మిషన్ అందులోనే ఉంది. "బంజారా హిల్స్‌లో పెద్ద డాక్టరే ఇచ్చాడు. ఇది పెడితే దొరకంటే ఏసీ గట్టిగా వినిపిస్తుంది. పైగా ఎవరైనా చూస్తే ఇంకేముంది, చెవిటివాడికి డబ్బింగ్ ఏంటంటారు. అననీ, అదీ న్యాయమే." డబ్బా జేబులో పెట్టేసుకుని మళ్ళీ అన్నారు. "నేను ఇన్నేళ్ళూ ఎవరికి చెప్పానో తెలుసా అమ్మా? కోర్టు సీన్లో జడ్జికి. విలన్ పక్కన నిలబడి 'అలాగే బాస్' అనేవాడికి. పెళ్ళిలో తాంబూలం అందించే పెద్దమనిషికి. ఒక మనిషిని మీసాలు రానప్పటినుంచి తల పోయేదాకా మోసింది ఇదొక్కటే. ఇప్పుడు మధ్యలో దింపేస్తే ఎట్లా? గొడ్డలి పడేదాకా నన్నుండనివ్వు. ఆ తర్వాత పిలిచినా రాను."

అప్పటిదాకా ఆయన నన్ను ఏ కోరికా కోరలేదు.  మైకులో మోగకుండా చేతులకున్న గాజులు తీసి బ్యాగులో పడేసి, ఆయన వెనకే నిలబడ్డాను. హెడ్‌ఫోన్లు నేను పెట్టుకుని, దొర గొంతు మొదలవగానే ఆయన భుజం నొక్కాను, ఆగగానే వదిలేశాను. యుద్ధం అలా గట్టెక్కింది. భుజం నొక్కి నొక్కి నా బొటనవేలు వాచింది. ఆయన మాత్రం కోట గెలిచినంత సంబరంగా ఇంటికి వెళ్ళారు.

మిగిలింది చివరి ఎపిసోడ్, అందులోనూ చివరి మాట. దొర బల్ల మీద తల పెడతాడు. తలారి వంగితే, వాడి చెవిలో గుసగుసగా ఒకమాట చెప్తాడు. షాట్ వెనకనుంచి, పెదాలు కనపడవు. పెదాలు కనపడకపోతే మా డబ్బింగ్ వాళ్ళకి చేతులు దురద పెడతాయి. ఏం రాసినా కుదురుతుంది కాబట్టి ఏదో ఒకటి రాసేస్తాం. ఇంగ్లీషులో దొర "నిన్ను క్షమిస్తున్నాను" అంటాడు. నేనూ అదే రాశాను. పెద్దాయన చదివి కాగితం పక్కన పెట్టేశారు.

"క్షమించడానికి వీడెవడమ్మా? ఊళ్ళు తగలబెట్టినవాడు పొట్టకూటికి గొడ్డలి పట్టినవాణ్ని క్షమించడమేంటి? ఎవరో ఒకరు వీణ్ని క్షమించాలి గానీ."

"అయితే ఏమనాలంటారు?"

"ఒక్క దెబ్బకి కానియ్యి నాయనా, అనాలి. బతికినన్నాళ్ళూ కిందివాణ్ని ఒక్కసారి కూడా అలా పిలవలేదు వీడు."

యాదగిరి వింటున్నాడు. "గిప్పుడు జర మనిషి లెక్క అయిండు" అన్నాడు. ఇంకేం, నేను కొట్టేసి రాసేశాను.

రాశాం సరే, గుసగుస ఎలా చెప్పించడం? తన గొంతు తనకి వినపడని మనిషి మామూలుగా మాట్లాడగలడు, అరవగలడు. గుసగుసలాడాలంటేనే ప్రాణం మీదికొస్తుంది. స్టూడియో వెనక టీ కొట్టు దగ్గర ఆయన చేత చెప్పించి చూశాను. గుసగుస అనుకుని ఆయన "ఒక్క దెబ్బకి కానియ్యి నాయనా" అంటే, పక్కన ఆటోలో కునుకు తీస్తున్న డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. టీ పోసేవాడు గరిటె పట్టుకుని మావైపే చూస్తున్నాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఆయన వేళ్ళు తీసి ఆయన గొంతు మీద పెట్టాను. "అదురు తగిలితే గొంతు వస్తున్నట్టు. అదురు లేకుండా మాట రావాలి" అని మెల్లగా, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ చెప్పాను. మధురానగర్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళే దారంతా అలాగే సాధన చేశారట. భార్య భయపడి నాకు ఫోన్ చేసింది. "ఏంటమ్మా, ఈయన మెడ పట్టుకుని ఏదో గొణుగుతున్నారు" అంది. ఆవిడ్ని నేను పిన్నిగారూ అంటాను. సంగతి చెబితే, "సరే, కానీ" అని నిట్టూర్చింది.

రికార్డింగ్ రోజు మా పాలిటి యముడు దిగాడు. సీరీస్ కొన్న కంపెనీ తరఫున నాణ్యత చూసే కుర్రాడు ప్రణీత్. ఎప్పుడూ బంజారా హిల్స్ ఆఫీసులో కూర్చుని ఫైళ్ళు వినేవాడు, చివరి ఎపిసోడ్ అని స్వయంగా వచ్చి యాదగిరి పక్కన కూర్చున్నాడు. నేను అలవాటుగా గాజులు తీసి లోపలికి వెళ్ళబోతే, "మేడం, లాస్ట్ సీన్ పిన్‌డ్రాప్ సైలెన్స్ కావాలి. లోపల ఆర్టిస్ట్ ఒక్కరే ఉండాలి, ప్లీజ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అందుకే వాదించలేకపోయాను. పెద్దాయన అద్దంలోంచి నన్ను చూస్తున్నారు. రాలేనని తల ఊపాను. ఆయన సరేనన్నట్టు కళ్ళు మూసి తెరిచారు.

చెరసాల దగ్గర్నుంచి బల్ల ఎక్కేదాకా మొహం కనిపిస్తుంది కాబట్టి ఏ లోటూ రాలేదు. జనం వైపు తిరిగి దొర చెప్పే మాటలు ఒక్క ఊపున చెప్పారు. ప్రణీత్ చేతిలో ఫోన్ పక్కన పెట్టేసి ముందుకు వంగాడు. "హీ ఈజ్ టూ గుడ్" అన్నాడు. 

తలారి వంగాడు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, మైకు దగ్గరికి మొహం చాచి, చెప్పారు. గొంతు పైకి వచ్చేసింది.

"విస్పర్ కదా సార్, చాలా లౌడ్ అయింది" అన్నాడు ప్రణీత్ టాక్‌బ్యాక్‌లో.

ఆయన ప్రణీత్‌ని చూడలేదు, నన్ను చూశారు. నేను జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి, వేళ్ళు గొంతు మీద పెట్టుకున్నాను. ఆయనా తన గొంతు మీద వేళ్ళు పెట్టుకున్నారు. ఈసారి ఉత్తి గాలి వచ్చింది, మాట లేదు. యాదగిరి ఏమీ అనకుండా వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు.  తలారి వంగాడు. ఆయన కళ్ళు మూసుకుని, మెడ మీద వేళ్ళు ఆనించి, "ఒక్క దెబ్బకి కానియ్యి నాయనా" అన్నారు. అదురు లేదు. ప్రతి అక్షరం ఉంది. గొడ్డలి పడింది.

 యాదగిరి ముక్కు ఎగబీల్చుకున్నాడు. ప్రణీతే తేరుకుని మైకు నొక్కి, "సార్, సూపర్బ్. గూస్‌బంప్స్ సార్" అన్నాడు.

ఆయన కదల్లేదు. మోకాళ్ళ మీదే, కళ్ళు మూసుకుని, తల వంచుకుని ఉన్నారు.

"సార్? ఓకే అయింది సార్. రావచ్చు."

అప్పటికీ కదల్లేదు. నేను లేచాను. ప్రణీత్ ఆగమని చెయ్యి అడ్డం పెట్టాడు. మైకు మళ్ళీ నొక్కి, గట్టిగా, "సార్" అన్నాడు. లోపల స్పీకరు అదిరి ఉంటుంది. ఆయన మాత్రం భుజం మీద చెయ్యి పడుతుందని ఎదురుచూస్తున్నట్టు అలాగే ఉన్నారు.

"మేడం," అన్నాడు ప్రణీత్ నా వైపు తిరగకుండా, "ఆయనకి వినపడదా?"

"టేకు వచ్చింది కద సార్. ఇంకేం గావాలె?" అన్నాడు యాదగిరి.

"టేక్ బాగుంది. కానీ రేపు హెడ్డాఫీసు కరెక్షన్ అడిగితే నేనెలా చేయించాలి?"

 నేను లోపలికి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. కళ్ళు తెరిచి, "అయిందా?" అన్నారు. అయిందన్నాను. బయటికి వచ్చాక ప్రణీత్ ఆయనకి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ పట్టుకుని, "చాలా బాగా చేశారు సార్" అని నోరంతా తెరిచి చెప్పాడు. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. పెద్దాయన బకెట్ యాదగిరికి ఇచ్చేసి, "ఇక నాకెందుకు, మొక్కలకి నీళ్ళు పోసుకో" అని, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా ఫిల్మ్ నగర్ దిగి వెళ్ళిపోయారు. ఆయన మొహం ఎంత తేటగా ఉందో నేను చెప్పలేను.

కరెక్షన్ రానే వచ్చింది. ఇంగ్లీషులో లేని మాట తెలుగులో ఎందుకుందని అడిగారు. 'క్షమిస్తున్నాను' అనే రావాలట. పెదాలు కనపడని చోట మేం చేసిన తెలివితక్కువ పని ఆయన మెడకే చుట్టుకుంది. ఒక్కసారి ఆయన్నే పిలుద్దామని ప్రణీత్‌ని బతిమాలాను, తర్వాత పోట్లాడాను. "మళ్ళీ విస్పరే మేడం, మళ్ళీ నేను చెప్పేది ఆయనకి వినపడదు. ఆఫీసులో తెలిస్తే నాలుగు సీజన్లూ తవ్వుతారు" అన్నాడు. అంత మాటన్నాక నేనేం చేసేది? ఒక యువ ఆర్టిస్టుని పిలిచారు. ఒక్క మాట వేరే గొంతులో ఉంటే అతకదని, ఆ ఎపిసోడ్ మొత్తం అతని చేతే చెప్పించారు.

పెద్దాయనకి చెప్పాలని ఫోన్ చేస్తే పిన్నిగారు ఎత్తింది. అంతా విని, "చెప్పకమ్మా," అంది. "చెవులు పోయినందుకు ఈ ఒక్క మేలైనా జరగనీ."

ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం ఆయనే పిలిచారు, తమతో కలిసి చూడమని. యాదగిరి రానన్నాడు. "నా మొకం సూడంగనే పట్టేస్తడు మేడం" అన్నాడు. లాక్కుపోయాను. మధురానగర్‌లో వాళ్ళ ఫ్లాట్‌లోకి అడుగుపెట్టేసరికి గారెల వాసన. పిన్నిగారు అల్లప్పచ్చడి కూడా చేసింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెవి మిషన్ పెట్టుకోలేదు. "పెట్టుకోండి" అని పిన్నిగారు అనలేదు.

మొదలైంది. దొర నోరు తెరవగానే ఆ కొత్త గొంతు ఇల్లంతా నిండింది. చిన్నవయసు గొంతు, గట్టి గొంతు. ఆయనదానిలా ఎక్కడా బొంగురు లేదు. నా చేతిలో గారె అలాగే ఉండిపోయింది. పెద్దాయన ముందుకు వంగి, దొరతో పాటు పెదాలు కదుపుతున్నారు. ఒక్క అక్షరం తప్పటం లేదు. నేను ఆయన వీపు చూస్తూ ఉన్నాను, ఎక్కడ ఆగుతారోనని. జనం వైపు తిరిగి చెప్పే మాటలన్నీ ఆయన పెదాల మీదుగా వెళ్ళాయి. యాదగిరి తల దించుకున్నాడు. పిన్నిగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

తలారి వంగాడు. ఆయన వేళ్ళు మెడ మీదికి వెళ్ళాయి. టీవీలోంచి "నిన్ను క్షమిస్తున్నాను" అని వచ్చింది. అదే క్షణంలో ఆయన, అదురు లేకుండా, "ఒక్క దెబ్బకి కానియ్యి నాయనా" అన్నారు.

తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. నన్ను, యాదగిరిని, పిన్నిగారిని, ఒక్కొక్కరినీ.

"బాగా వచ్చింది కదూ?" అన్నారు.

"బ్రహ్మాండంగా వచ్చింది" అంది పిన్నిగారు.

గారెలు తిన్నాం. ఏం మాట్లాడామో గుర్తులేదు, ఎండల గురించి కావచ్చు. యాదగిరి బండి తియ్యడానికి ముందే దిగిపోయాడు. పెద్దాయన నన్ను లిఫ్టు దాకా సాగనంపడానికి వచ్చారు. మీట నొక్కి, నా ఎదురుగా నిలబడ్డారు.

"టీవీలో మనిషి తల పోతుంటే ఎవరైనా టీవీ చూస్తారమ్మా," అన్నారు. "మీ ముగ్గురూ నన్ను చూస్తున్నారు."

 లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయనకి వినపడదు కాబట్టి తొందరేమీ లేకుండా అడిగారు. "ఎవరో కుర్రాడే కదా? బాగా చెప్పాడా?"

లేదందామనుకున్నాను. ఆ అబ్బాయి నిజంగానే బాగా చెప్పాడు, నా మంటంతా అదే. "బాగానే చెప్పాడు గురువుగారూ" అన్నాను. గొంతు రానివ్వకుండా పెదాలే కదిలించాను.

"పోనీలే," అన్నారు ఆయన. "దొరకి లోటు జరగలేదు." లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు పట్టుకుని, కొంచెం వంగి, "నాకు తెలిసిందని మీ పిన్నిగారితో మాత్రం అనకు. పాపం, పొద్దున్నుంచి గారెలకి రుబ్బింది" అన్నారు.

తలుపులు మూసుకున్నాయి. కిందికి దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు వినిపించింది. ఇంట్లోకి వెళ్తూ, తనకి వినపడదు కాబట్టి అంతస్తంతా మారుమోగేలా, "ఏమోయ్, చూశావా నా దొరని?" అంటున్నారు.